సైకిల్ హ్యాండిల్ ఎంత ఎత్తులో ఉండాలి, ఎలా ఎత్తాలి

మెడ పట్టేయడం, అరచేతులు తిమ్మిరెక్కడం, నడుము లాగడం. కొత్తగా సైకిల్ కొన్నవాళ్లు నెల తిరక్కుండా చెప్పేవి ఎక్కువగా ఇవే. షాపుకి వెళ్తే జెల్ సీటు కవరు చేతిలో పెడతారు. కవరు వల్ల నష్టమేమీ లేదు గానీ, ఒంటి బరువంతా చేతుల మీద పడుతుంటే సీటు మెత్తగా ఉండి ఏం లాభం? హ్యాండిల్ రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తితే చాలాసార్లు ఆ బరువు తగ్గిపోతుంది. అలెన్ కీలు (ఆరు పలకల గుంత ఉన్న బోల్టులకి వాడే L ఆకారపు కీలు) ఉంటే పావుగంట పని. కాకపోతే మీ సైకిల్‌కి ఉన్న స్టెమ్, అంటే హ్యాండిల్‌ని పట్టుకుని ఉండే ముక్క, ఏ రకమో చూసుకోకుండా కనబడ్డ బోల్టల్లా విప్పకూడదు.

అంతకంటే ముందు సీటు సంగతి చూడాలి. హ్యాండిల్ ఎత్తు అంటే సీటుకీ దానికీ ఉన్న తేడా, కాబట్టి సీటు తేలకుండా హ్యాండిల్ ముట్టుకోవడం దండగ. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ని అట్టడుగుకి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా చాచినట్టు ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలి దగ్గర కాస్త వంపు మిగులుతుంది. తర్వాత సీటు మీద రసమట్టం పెట్టి చూడండి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మనిషి ముందుకి జారుతూ ఉంటాడు, ఆ జారుడుని ఆపే పని చేతుల మీద పడుతుంది. హ్యాండిల్ తక్కువై వచ్చిందనుకున్న తిమ్మిరి ఒక్కోసారి ఇక్కడే పోతుంది.

ఇప్పుడు టేపుతో నేల నుంచి సీటు పైభాగం దాకా, నేల నుంచి గ్రిప్పుల దాకా కొలిచి రెండూ రాసుకోండి. ఆఫీసుకి, బజారుకి, పొద్దున్న వ్యాయామానికి తొక్కే హైబ్రిడ్, సిటీ సైకిళ్లకి గ్రిప్పులు సీటుతో సమానంగానో, 5 సెం.మీ. దాకా పైనో ఉంటే హాయిగా ఉంటుంది. వేగం కోసం తొక్కేవాళ్లు, నడుము బాగా వంగేవాళ్లు సీటు కంటే కిందికి పెట్టుకుంటారు. అది అలవాటు మీద వచ్చేది, మొదటి రోజే పెట్టుకునేది కాదు. పిల్లల సైకిళ్లలో ఇంకో తమాషా ఉంది. పిల్లాడు పొడుగైన కొద్దీ ఏటా సీటు ఎత్తుతారు, హ్యాండిల్ మాత్రం కొన్న రోజున ఉన్నచోటే ఉంటుంది. వాడు గూనిగా తొక్కుతున్నాడని తిడతారు.

హ్యాండిల్‌ని ఫోర్కుకి, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కవకి, కలిపే ముక్కే స్టెమ్. అది రెండు రకాలు. ఫోర్కు గొట్టంలోకి సన్నటి కడ్డీలా దిగిపోయి, పైన నడిమధ్య ఒకే బోల్టు కనిపిస్తే అది క్విల్ స్టెమ్. పాతకాలం నల్ల సైకిళ్లకి, చాలా చవక సైకిళ్లకి ఇదే. ఫోర్కు గొట్టం పైదాకా వచ్చి, దాన్ని స్టెమ్ బయటినుంచి పట్టుకుని, పక్కనో వెనకో రెండు బోల్టులు, పైన మూత ఉంటే అది థ్రెడ్‌లెస్. ఈమధ్య వచ్చే గేర్ల సైకిళ్లలో ఎక్కువ ఇవే.

క్విల్ స్టెమ్ ఎత్తడం తేలిక, తుప్పు పట్టకపోతే. పైన ఉన్న బోల్టుని నాలుగైదు చుట్లు వదులు చేయండి. కొన్నిటికి 6 మి.మీ. అలెన్ కీ, పాతవాటికి పానా పడుతుంది. బోల్టు పూర్తిగా తీసేయొద్దు. దాని అడుగున ఏటవాలు ముక్కో, కోనో ఉండి, బోల్టు బిగిస్తే గొట్టం లోపల ఒరుసుకుని పట్టుకుంటుంది. బోల్టు వదులైనా ఆ ముక్క పట్టు వదలదు. అందుకే పైకి లేచిన బోల్టు తల మీద చెక్క ముక్క ఆనించి సుత్తితో ఒక దెబ్బ వేయాలి. బోల్టు కిందికి దిగిందంటే ముక్క వదిలినట్టే. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. కావలసిన ఎత్తుకి వచ్చాక చక్రానికి సూటిగా సర్ది, బోల్టు మళ్లీ బిగించండి. కింద ఉన్న పెద్ద నట్టు జోలికి మాత్రం వెళ్లొద్దు. అది ఫోర్కు బేరింగులది, స్టెమ్ ఎత్తుకీ దానికీ సంబంధం లేదు.

స్టెమ్ కడ్డీ మీద ఒక గీత చెక్కి ఉంటుంది. అది ఎప్పుడూ గొట్టం లోపలే ఉండాలి, బయట కనబడకూడదు. గీత చెరిగిపోయి ఉంటే కనీసం 65 మి.మీ. లోపల ఉండేలా చూసుకోండి. దీనికి కారణం ఉంది. ఫోర్కు గొట్టానికి పైభాగంలో మరలు కోసి ఉంటాయి, అక్కడ దాని గోడ పలచన. స్టెమ్ మరీ పైకి లాగితే లోపలి ముక్క సరిగ్గా ఆ మరల దగ్గర ఒత్తుతుంది. గొట్టం బీట వేస్తుంది, ఏదో ఒక గుంతలో హ్యాండిల్ చేతికొస్తుంది. మరో సెంటీమీటర్ కావాలనిపించినా గీత దాటొద్దు, పొడుగు క్విల్ ఉన్న స్టెమ్ విడిగా కొనుక్కోండి. కొనేముందు పాతదాని మందం కొలవాలి. 22.2 మి.మీ., 25.4 మి.మీ. రెండూ దొరుకుతాయి, ఒకదాని బదులు ఇంకొకటి పట్టదు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఏళ్ల తరబడి కదపని స్టెమ్ బిగుసుకుపోతుంది. అల్యూమినియం స్టెమ్, ఇనప గొట్టం అయితే మరీ మొండి. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేసి మర్నాడు ప్రయత్నించండి. వచ్చాక కడ్డీని గరుకు కాగితంతో రుద్ది, పలచగా గ్రీజు రాసి పెట్టండి. ఆ గ్రీజు రాయకే అది బిగుసుకుంది. రాడ్ బ్రేకుల సైకిల్‌కైతే ఇంకో పని ఉంటుంది. హ్యాండిల్ ఎత్తగానే బ్రేకు రాడ్లు కూడా పైకి వచ్చి, షూలు రిమ్ముని పట్టేస్తాయి. రాడ్ల క్లాంపు బోల్టులు వదులు చేసి, చక్రం ఒరుసుకోకుండా తిరిగేలా సర్ది మళ్లీ బిగించాలి.

థ్రెడ్‌లెస్ స్టెమ్ కింద, పైన రింగులు కనబడతాయి. అవే స్పేసర్లు, 2, 5, 10, 20 మి.మీ. సైజుల్లో వస్తాయి. ఎత్తడమంటే స్టెమ్ పైన ఉన్న స్పేసర్లని కిందికి మార్చడమే. పైన ఏమీ లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే, ఎందుకంటే ఫోర్కు గొట్టం అంతవరకే కోసి ఉంటుంది.

సైకిల్ రెండు చక్రాల మీద నేల మీదే నిలబెట్టి మొదలుపెట్టండి. స్టాండుకి వేలాడదీసి స్టెమ్ తీస్తే ఫోర్కు కిందికి జారి, బేరింగులు నేలపాలవుతాయి. పై మూత బోల్టు తీయండి, తర్వాత స్టెమ్ బోల్టులు రెండూ వదులు చేసి స్టెమ్ పైకి తీయండి. స్పేసర్లు మార్చి మళ్లీ కూర్చోబెట్టాక పైనుంచి చూడండి. గొట్టం అంచు, స్టెమ్ లేదా పై స్పేసర్ అంచు కంటే 2-3 మి.మీ. లోపలికి ఉండాలి. సమానంగా ఉంటే మూత గొట్టానికే తగిలి ఆగిపోతుంది, ఎంత తిప్పినా బేరింగులు బిగవవు.

బిగించే వరుసలోనే ఎక్కువమంది తప్పుతారు. మూత బోల్టు స్టెమ్‌ని పట్టుకునేది కాదు, బేరింగుల్లో లూజు తీసేది మాత్రమే. కాబట్టి స్టెమ్ బోల్టులు వదులుగా ఉండగానే మూతని నెమ్మదిగా బిగించాలి, బలం పెట్టొద్దు. ముందు బ్రేకు పట్టి, ఫోర్కు పైన బేరింగు కలిసేచోట వేలు పెట్టి, సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టకటకమంటే ఇంకో పావు చుట్టు. ముందు చక్రం గాల్లోకి ఎత్తితే హ్యాండిల్ దానంతటదే పక్కకి వాలాలి. మొరాయిస్తే మూత ఎక్కువ బిగిసింది. అది కుదిరాక చక్రానికి సూటిగా హ్యాండిల్ సర్ది, స్టెమ్ బోల్టులు రెండూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. చాలావాటికి 5 న్యూటన్ మీటర్ల (టార్క్ రెంచి చూపించే బిగింపు కొలత) బిగింపు సరిపోతుంది, స్టెమ్ మీద వేరే అంకె ఉంటే అదే లెక్క. స్టెమ్ బోల్టులు బిగిసి ఉండగా మూతని ఎంత తిప్పినా లూజు పోదు, గొట్టం లోపల మూత బోల్టు దిగే స్టార్ నట్టు పైకి లేచొస్తుంది.

స్పేసర్లు అయిపోయినా ఇంకా ఎత్తు కావాలంటే పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. చాలా స్టెమ్‌లకి 6 లేదా 7 డిగ్రీల వాలు ఉంటుంది. అది కిందికి చూస్తుంటే తిరగేసి పెట్టండి. 90-100 మి.మీ. పొడుగు స్టెమ్‌కి దీనివల్ల సుమారు 2 సెం.మీ. ఎత్తు వస్తుంది. దీనికి ముందున్న నాలుగు బోల్టుల పలక కూడా విప్పాలి. హ్యాండిల్‌ని కేబుళ్ల మీద వేలాడనివ్వకుండా ఎవరినైనా పట్టుకోమనండి. పలకని బిగించేటప్పుడు ఎదురెదురు మూలలు మార్చుకుంటూ, పైనా కిందా సందు సమానంగా ఉండేలా చూడాలి.

అదీ చాలకపోతే రైజర్ హ్యాండిల్, అంటే నడుమ కంటే చివర్లు పైకి లేచి ఉండేది, కొనడం మంచిది. దాని నడుమ మందం, 25.4 లేదా 31.8 మి.మీ., మీ స్టెమ్‌కి సరిపోవాలి. గొట్టం మీద తొడిగే ఎక్స్‌టెండర్లు చవకే, బాగానే ఎత్తుతాయి కూడా. కానీ కార్బన్ గొట్టానికి అసలు వాడకూడదు. కోణం మార్చుకునే స్టెమ్‌లు బరువెక్కువ, కొన్నాళ్లకి కిర్రుమంటాయి. కేబుళ్లు స్టెమ్ లోపలి నుంచి వెళ్లే కొత్త రోడ్ బైకులైతే మాత్రం మెకానిక్‌కి వదిలేయండి.

ఎత్తాక రోడ్డెక్కే ముందు హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. ఏ కేబులైనా లాగుతోందంటే మలుపులో గేరు దానంతటదే మారుతుంది, లేదా బ్రేకు పట్టేస్తుంది. 2 సెం.మీ. దాకా సాధారణంగా ఇబ్బంది ఉండదు, 4 దాటితే కొత్త కేబులు వేయించాల్సి రావచ్చు. బ్రేకు లివర్ల కోణం కూడా మారిపోయి ఉంటుంది. సీటు మీద కూర్చుని వేళ్లు చాపితే మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో ఉండాలి, మణికట్టు పైకి విరగకూడదు.

ఒకేసారి 4 సెం.మీ. ఎత్తేయకండి. 1 సెం.మీ. ఎత్తి, వారం తొక్కి, మళ్లీ చూడండి. మరీ ఎక్కువైతే బరువంతా సీటు మీద కూర్చుంటుంది. ప్రతి స్పీడ్ బ్రేకరూ నేరుగా వెన్నుకి తగులుతుంది, ఎక్కుడు రోడ్డులో ముందు చక్రం తేలిపోతుంది, ఎదురుగాలికి ఛాతీ అడ్డం పెట్టినట్టవుతుంది.

స్పేసర్లతో ఎత్తినప్పుడు ఫోర్కు వాలు వల్ల ప్రతి 10 మి.మీ.కి హ్యాండిల్ దాదాపు 3 మి.మీ. మన వైపు జరుగుతుంది. చేతులు బాగా చాచి తొక్కేవాళ్లకి ఇది మేలే. ఎత్తు సరిపోయి కూడా మోచేతులు బిగుసుకుపోయి తిన్నగా ఉంటున్నాయంటే ఇక ఎత్తుతో పని లేదు. 100 మి.మీ. స్టెమ్ తీసి 80 మి.మీ.ది వేసి చూడండి.