పదహారులో ఒకటి అనుకున్నాను: నా ఆటను జనం ముందు పెట్టిన అనుభవం

ఆదివారం రాత్రి పదకొండు దాటింది. రామగిరి నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. మా ఆవిడ అన్నం పెడతానంటే వద్దన్నాను. రేపటికి మంట చల్లారితే జరిగినదంతా నాకు అనుకూలంగా మార్చేసుకుంటానని నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను నల్లగొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. పద్నాలుగేళ్ల సర్వీసు. ప్రాబబిలిటీ చాప్టర్ నడిచే రోజుల్లో పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి వెనక నిలబడతారు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే. కానీ తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఈ సంగతి తెలియాలి.

రెండేళ్లుగా ఒక టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ తయారు చేస్తున్నాను. ఇందులో పావులు, గళ్లు అక్కర్లేదు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. ఊరు ఎలా ఉంది, ఆపద ఎటు నుంచి వస్తోంది, ఎదుటివాడు ఏమన్నాడు, అంతా ఆయనే చెప్తాడు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ‘నేను గోడ దూకుతా’, ‘నేను పూజారికి అబద్ధం చెప్తా’ అంటారు. ఆ పని కుదిరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఒగ్గుకథ చూసినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. కథ చెప్తున్న మనిషే ఉన్నట్టుండి మల్లన్న అయిపోతాడు, మరుక్షణం మళ్లీ కథ చెప్తుంటాడు. అమెరికాలో 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పటి నుంచి ఈ ఆటలకు పెద్ద లోకమే తయారైంది. మా ఊళ్లో అడిగితే మాత్రం లూడో డబ్బా తీసి చూపిస్తారు.

నా కథ నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో మొదలవుతుంది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో ఒక స్తంభం నీడ పడుతుంది. సూర్యుడు ఎటు తిరిగినా పొద్దంతా ఆ నీడ కదలదు. నా ఆటలో ఒకరోజు తెల్లారేసరికి ఆ నీడ మాయమవుతుంది. దాన్ని ఎవరెత్తుకుపోయారో ఊరివాళ్లు వెతకాలి. కథ మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

ఇలాంటి ఆటల్లో వాడే ఇరవై ముఖాల పాచిక ఇక్కడ ఏ దుకాణంలోనూ దొరకదు. అందుకని గవ్వలు పెట్టాను. పూజా సామాన్ల కొట్టులో గుప్పెడు కొనొచ్చు. అష్టాచెమ్మా లాగే నాలుగు గవ్వలు. పైకి చూసే గవ్వలు ఎన్నో అంత బలం. నాలుగూ పైకి చూస్తే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. లెక్క చాలా అందంగా వచ్చింది: అష్ట పదహారులో ఒకటి, చెమ్మ పదహారులో ఒకటి, రెండు పడటం పదహారులో ఆరు. అష్ట పడితే మహత్తు జరుగుతుంది, పైగా అసలు ఆటలో లాగే ఇంకో వేత, అంటే మళ్లీ గవ్వలు వేసే అవకాశం, వస్తుంది. ఈ లెక్క నోటుబుక్కులో వేసుకున్న రోజు రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

మా కాలేజీ పిల్లలతో నాలుగుసార్లు ఆడించాను. నాలుగుసార్లూ ‘సూపర్ సార్’ అన్నారు. పొద్దున్నే మళ్లీ నా క్లాసులోనే కూర్చోవాల్సినవాళ్లు ఇంకేమంటారు? మీరు ఆట తయారు చేస్తుంటే మీకు భయపడేవాళ్లతో, మీరంటే ఇష్టమున్నవాళ్లతో ఆడించి మురిసిపోకండి.

మొహం తెలియనివాళ్లు కావాలి. పెద్ద కంపెనీలూ ఇదే చేశాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ రూల్స్‌ను 2012 మేలో జనం చేతికిచ్చి ఆడి చెప్పమన్నారు, పుస్తకం 2014లో గానీ రాలేదు. అలాంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్, దాని రెండో ఎడిషన్‌కు 2018 ఆగస్టు నుంచి 2019 ఆగస్టు దాకా పట్టింది. నేనేమో ఒక్క ఆదివారంలో తేల్చేద్దామనుకున్నాను.

హాలు కోసం ఒక ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను. అక్కడి గుమస్తా నా అర్జీలో ‘పాచికలు’ అన్న మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీసి “జూదమా?” అన్నాడు. డబ్బు పెట్టి ఆడే ఆటల మీద మన దగ్గర చట్టం గట్టిగానే ఉంది, 2017లో ఆన్‌లైన్ ఆటలను కూడా అందులోకి తెచ్చారు. నా ఆటలో పైసా లేదని మూడుసార్లు చెప్పాను. “పైసా లేకుంటే ఎందుకు ఆడతరు?” అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. అదే బిల్డింగులో ఒక రిటైర్‌మెంట్ ఫంక్షన్ రోజు వెనక గదిలో పేకాట నడవడం నేను కళ్లారా చూశాను. పెద్దవాళ్లు డబ్బు పెట్టి ఆడితే కాలక్షేపం, ఊరికే ఆడితే అనుమానం. మీరు మాత్రం అర్జీలో ‘ఆట’ అని రాయకండి, ‘కథా కార్యక్రమం’ అని రాయండి.

చివరికి జిరాక్స్ షాపు గోడకు అంటించిన కాగితం చూసి ఫోన్ చేసిన ఒక తమ్ముడు, గ్రూప్స్‌కు చదువుతున్నాడు, రామగిరిలో వాళ్లింటి ముందు గదిలోనే ఆడుకుందామన్నాడు. అతనితో కలిపి ఐదుగురు. డిగ్రీ చదివే అమ్మాయిలిద్దరు, సెల్ రిపేర్ చేసే అన్న ఒకరు, ఆర్టీసీ కండక్టర్ ఒకరు. కండక్టర్ గారు సూత్రధారి. నలభై పేజీల రూల్ బుక్కు ఆయన చేతిలో పెట్టి నేను మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

ఇలాంటి పరీక్షలో తయారు చేసినవాడు నోరు మెదపకూడదు. పుస్తకం కొనుక్కున్నవాళ్ల ఇంటికి మనం వెళ్లి వివరించం కదా. ఆ నియమం నేనే పెట్టాను, కాగితం మీద రాసి గోడకు కూడా అంటించాను.

మొదటి గవ్వలు పడ్డాయి. మూడు ఒక వైపు, ఒకటి ఇంకో వైపు. కండక్టర్ గారు పుస్తకం చూసి చదివారు: “వెల్లకిలా పడిన గవ్వలను లెక్కించాలి.”

“అంటే ఏది వెల్లకిలా?” అంది ఒక అమ్మాయి.

“నున్నటి వీపు పైకి ఉంటే వెల్లకిలా.”

“వీపు పైకి ఉంటే బోర్లా పడ్డట్టు అన్నా.”

“మరి దాని పొట్ట ఏది? నోరున్న వైపు పొట్టా?”

“గవ్వకు పొట్ట ఏంది?”

ఇరవై నిమిషాలు. నేను గడియారం చూసి రాసుకున్నాను. రెండేళ్లు రాసి, పదకొండుసార్లు దిద్దిన పుస్తకంలో గవ్వకు ముందేదో వెనకేదో చెప్పలేదు. సెల్ రిపేర్ అన్న గవ్వను చేతిలోకి తీసుకుని, చెడిపోయిన ఫోన్‌ను చూసినట్టు అటూ ఇటూ తిప్పి, నా వైపు చూశాడు. నేను తల దించుకుని నోటుబుక్కులో ‘నోరు పైకి’ అని రాసి కింద రెండు గీతలు గీశాను.

ఆ గొడవ వినే, లోపలి గదిలోంచి ఆ తమ్ముడి నాయనమ్మ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. “గవ్వలకాడ గంత లొల్లేంది బిడ్డా?” అని చాప అంచున కూర్చుంది. నోరు పైకుంటేనే లెక్క అని ఒక్క ముక్కలో తేల్చేసింది. దాంతో ఆగితే బాగుండేది. మనవడి వంతు వచ్చింది. నీడదొంగకు కాపలా ఉన్న రాతి భూతాన్ని కొట్టాలి. ఆ భూతాన్ని ఓడించడానికి గంట పడుతుందని నా లెక్క. “నాయనమ్మా, నువ్వెయ్యి” అన్నాడు వాడు.

ఆమె చాప పక్కకు నెట్టేసింది. కింద షాబాద్ బండలు, ఏళ్ల తరబడి తుడిచి తుడిచి అద్దంలా నున్నగా ఉన్నాయి. గవ్వలను విసరలేదు. వేళ్లతో సర్దుకుని, బండకు బెత్తెడు ఎత్తులోంచి అలా జారవిడిచింది. నాలుగూ బోర్లా. అష్ట. ఇంకో వేత. అష్ట. ఇంకో వేత. మూడు పడ్డాయి. “చెయ్యి వణుకుతుంది బిడ్డా” అని తనే నొచ్చుకుంది. అప్పటికే భూతం పని అయిపోయింది.

తర్వాత వంతులన్నీ ఆమెవే. ఎవరి పాత్రయినా సరే, గవ్వలు ఆమె చేతికే ఇచ్చారు. రాళ్లు నడిచాయి, పానగల్లు చెరువు ఉదయ సముద్రం నీళ్లు రెండుగా చీలాయి, నీడదొంగ ఎదురుపడిన రెండో వేతకే కాళ్ల మీద పడ్డాడు. మూడు గంటల కథ నలభై నిమిషాల్లో ముగిసింది. అందులో ఇరవై నిమిషాలు గవ్వ పొట్ట గురించి. చివర్లో ఒక అమ్మాయి చప్పట్లు కొట్టింది, నాకు కాదు.

పదహారులో ఒకటి అని పద్నాలుగేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. నాణేనికి రెండు ముఖాలూ సమానమని చెప్పినట్టే గవ్వకూ చెప్పేశాను. గవ్వ నాణెం కాదు. ఒక పక్క ఉబ్బు, ఒక పక్క చదును. బండ మీద ఒకలా పడుతుంది, చాప మీద ఇంకోలా పడుతుంది, వేసే చెయ్యి మారితే మరోలా. అందరూ వెళ్లాక సిగ్గు విడిచి ఆమె ముందే కూర్చుని ఆ బండ మీద నా చేత్తో నూరుసార్లు వేశాను. ఆరు రావాల్సిన అష్టలు పదిహేను దాటాయి. ఆమె చూస్తూ కూర్చుంది. “సారు, లెక్కలు చెప్తవట గదా?” అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అభిప్రాయాలు అడిగే కాగితం గురించి ఒక మాట. ‘బాగుందా?’ అని అడగకండి, బాగుందనే అంటారు. ‘ఏ చోట ఫోన్ తీసి చూశారు?’ అని అడిగాను. నలుగురు ‘పాత్ర తయారు చేసుకునేటప్పుడు’ అని రాశారు. ఆ భాగం పన్నెండు పేజీలుంది, మూడు పేజీలు చేస్తాను. సెల్ రిపేర్ అన్న ‘అవ్వ వచ్చాక చూడలేదు’ అని రాశాడు.

బస్సు దిగినప్పటి నుంచి మార్పుల గురించే ఆలోచిస్తున్నాను. గవ్వలు స్టీలు గ్లాసులో గలగల ఆడించి చాప మీద బోర్లించాలి, చేత్తో వేయకూడదు. ఫోన్ చేసి చెప్తే ఆ తమ్ముడు నాయనమ్మకు ఫోన్ ఇచ్చాడు. “గ్లాసుల ఏస్తే గది గవ్వలాట ఎట్లయితది సారూ” అంది. అరగంట ఆలోచించి ఇంకో పాత్ర చేర్చాను: గవ్వలవ్వ. ఊరి పెద్దావిడ, పరుగెత్తలేదు, గోడ దూకలేదు, కర్ర ఎత్తలేదు. ఆమె ఒక్కతే గవ్వలు చేత్తో వేయొచ్చు. కథ మొత్తంలో మూడే వేతలు.

వచ్చే ఆదివారం మహబూబ్‌నగర్‌లో ఆడించాలి. ఆ ఇంట్లో కింద బండలా, టైల్సా అని ఇప్పుడే మెసేజ్ పెట్టాను.