డస్టరే హెలికాప్టర్

1999 జూన్. తొమ్మిదో తరగతిలోకి వచ్చాం. కొత్త పుస్తకాలకి అట్టలైనా వేసుకోలేదు, క్లాసంతా కార్గిల్ కబుర్లే. మన పీఈటీ మాస్టారు ఎయిర్‌ఫోర్స్‌లో చేసి వచ్చినవారు కదా, వాన పడి గ్రౌండ్ బురదైన రోజున ఆయన్ని పట్టుకున్నాం. "సార్, కార్గిల్‌లో మన హెలికాప్టర్ ఎలా కూలింది?" అని వెనక బెంచీ నుంచి అడిగింది బహుశా నేనే.

ఆయన డస్టర్ చేతిలోకి తీసుకున్నారు. "ఇది ఎంఐ-17. అసలు మనుషుల్నీ సామాన్లనీ మోసే బండి. దీనికి రాకెట్లు తగిలించి తోలోలింగ్ కొండ మీదికి పంపారు" అన్నారు. బోర్డు పైఅంచు కొండ శిఖరం. డస్టర్‌ని దాని వైపు నెమ్మదిగా, మరీ నెమ్మదిగా జరుపుతున్నారు. అంత ఎత్తులో గాలి పల్చన, రెక్కలకి పట్టు దొరకదట. కొండ మీద సుద్దముక్క నిలబెట్టారు. అది శత్రువు భుజాన పెట్టుకుని పేల్చే స్టింగర్ క్షిపణి.

"సార్, తొందరగా తిప్పేయండి!" అని ముందు బెంచీవాడు అరిచాడు.

"తిరగదురా" అన్నారు మాస్టారు.

మే 27న మనవి రెండు మిగ్ యుద్ధవిమానాలు పోయాయి. ఆ మర్నాడే స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్ ఈ హెలికాప్టర్ నడిపారు. వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణిని దారి తప్పించడానికి ఫ్లేర్లు అనే మంటలు వదులుతారు. పుండీర్ హెలికాప్టర్‌కి ఆ రక్షణ లేదని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. నడిపేవాడికి తన బండిలో ఏం లేదో తెలియకుండా ఉంటుందా? నాకు ఆయన ధైర్యం కనిపించేది అక్కడే, రాకెట్లు పేల్చడంలో కన్నా. ఆ తర్వాత ఎంఐ-17లని అలాంటి దాడులకి పంపడం మానేశారు. నలుగురికీ మరణానంతరం వాయుసేనా పతకం ఇచ్చారు.

అవును, నలుగురు. మేమంతా పైలట్ అవుతామన్నవాళ్లమే కాబట్టి మాకు పుండీర్ పేరొక్కటే నోటికొచ్చింది. మాస్టారికి కోపం వచ్చింది. మిగతా ముగ్గురి పేర్లూ బోర్డు మీద రాయించారు: ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్. ముహిలన్, సార్జెంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, సార్జెంట్ రాజ్ కిషోర్ సాహు. అన్ని పొడి అక్షరాలున్న ప్రసాద్ పేరు అచ్చం మా హాజరుపట్టీలోంచి తీసినట్టే ఉంది. క్లాసులో చప్పుడు లేదు.

బెల్లు కొట్టారు. బోర్డు తుడవాల్సిన లీడర్ డస్టర్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లెక్కల మాస్టారు వచ్చి, ఒకసారి పైనుంచి కిందికి చదివి, ఏమీ అడక్కుండా మిగిలిన సగం బోర్డు మీద పాఠం మొదలుపెట్టారు.