41వ రోజున మొలిచింది

పొద్దున కుండీలో నిన్నటిదాకా లేని ఆకుపచ్చ దారం ఒకటి నిలబడి ఉంది. అగ్గిపుల్లలో సగం కూడా లేదు. ఆకు లేదు, కొమ్మ లేదు. ఆస్పరాగస్ ఫెర్న్! పేరుకే ఫెర్న్, నిజానికి శతావరికి దాయాది. అసలు ఫెర్న్‌కి గింజలే ఉండవు.

గింజలు దొరకడం కష్టం కాలేదు. అక్క వాళ్ల స్ప్రెంగెరీ రకం ఎర్రగా కాసింది. గుజ్జు నలిపి కడిగితే మిరియాల్లాంటి నల్ల గింజలు వచ్చాయి. రసం తగిలితే కొందరికి దురద పెడుతుంది, చేతులకి తొడుగులు వేసుకోండి. ఆ పళ్లు పిల్లల నోటికీ కుక్కల నోటికీ అందకూడదు. తొక్క గట్టిది కాబట్టి గరుకు కాగితం మీద రుద్ది, 24 గంటలు నానబెట్టి, అర అంగుళం లోతున నాటాను. పోయినసారి కొన్న పొట్లంలో ఒక్కటీ మొలవలేదు. ఎన్నాళ్ల నాటి గింజలో! అందుకే పొట్లాల జోలికి పోవద్దంటాను.

18వ రోజుకి ఓపిక పోయింది. పుల్లతో తవ్వితే గింజ కింద తెల్లటి వేరు, నా చేతిలోనే పుటుక్కుమంది. దీనికి ముందు వేరు దిగుతుంది, మొలక తీరిగ్గా తర్వాత వస్తుంది. గింజ మట్టిలోనే ఉండిపోతుంది. అది తెలియక మూడు గింజలు చంపాను.

ఆ తర్వాతి వారం కుండీ మధ్యలో పచ్చటి మొలక! ఫొటో తీసి ఇంటిల్లిపాదికీ పంపాను. ‘ఓపిక ఉండాలి’ అని కింద ఒక ముక్క కూడా రాశాను. పన్నెండు రోజులు దానికి చెంచాతో నీళ్లు పోశాను, ఎండ తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టాను. ఆదివారం అక్క వచ్చి, వంగి చూసి, రెండు వేళ్లతో లాగేసింది. నా గుండె ఆగినంత పనైంది. కాడని నా వేళ్ల మధ్య పెట్టి తిప్పమంది. మూడు పలకలు తగిలాయి.

“ఒరేయ్, ఇది తుంగరా.”

ఇంట్లో వారం రోజులు నా పేరు తుంగ మాస్టారు. తోటమట్టి వాడితే ఇదే గతి. కలుపు గింజలు లేని కొబ్బరిపొట్టు, ఇసుక కలిపి వాడండి.

ఇవాళ ఎవరికీ ఫొటో పంపలేదు. ముందు భూతద్దం తెచ్చి కాడ చూశాను. గుండ్రంగానే ఉంది.