హైదర్ అలీ కన్నుమూసిన పొలాల దాకా

డిసెంబరులో తిరుపతి వచ్చినవాళ్ళు చాలామంది కొండ దిగి నేరుగా రైలెక్కేస్తారు. నాకు మాత్రం చిత్తూరు దాకా వెళ్ళాలని ఎప్పటినుంచో ఉంది. కొండ మీద ధనుర్మాసం, సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే నెల. దర్శనం హాయిగా జరిగింది. మర్నాడు పొద్దున్నే చంద్రగిరి బస్సెక్కాను.

ఈ ప్రయాణానికి ఒక కారణం ఉంది. 2025 మే 10 సాయంత్రం 5 గంటల నుంచి భారత్, పాకిస్థాన్ కాల్పులు ఆపేస్తున్నాయని ప్రకటన వచ్చింది. ఆ రాత్రే శ్రీనగర్‌లో పేలుళ్ళు వినిపించాయన్న వార్త. మా ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. ఆగుతాయన్న కాల్పులు నిజంగా ఆగాయా, మీరు తప్పారంటే మీరు తప్పారని మళ్ళీ మొదలవుతాయా అని. పక్కపక్కనే బతకాల్సిన రాజ్యాలు ఒకరి మాట ఒకరు ఎందుకు నమ్మవు? ఈ ప్రశ్న పట్టుకుని పాత పుస్తకాలు తిరగేస్తుంటే చిత్తూరు పేరు తగిలింది. మైసూరుకీ మద్రాసులోని ఈస్టిండియా కంపెనీకీ జరిగిన యుద్ధాల్లో మైసూరు పాలకుడు హైదర్ అలీ ప్రాణం పోయింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో.

చంద్రగిరి కోట అందరూ చూసేదే. రాతితో, ఇటుకతో, సున్నంతో కట్టిన మూడంతస్తుల రాజమహల్, అందులోనే మ్యూజియం, పక్కన రాణిమహల్, వెనక నిటారుగా లేచిన కొండ. నాకు నచ్చింది ఆ మేడ మీద నిలబడి కింది ఊరిని చూడటం. మద్రాసులో కోట కట్టుకోవడానికి కంపెనీకి చోటు దొరికింది ఈ చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే, 1639-40 ప్రాంతంలో. ఆ తర్వాత కోట గోల్కొండ చేతికి, ఆర్కాటు నవాబు చేతికి మారింది. 1782లో నవాబు తమ్ముడు దీన్ని హైదర్ అలీకి అప్పగించాల్సి వచ్చింది. చోటు అడిగి పుచ్చుకున్న వ్యాపారులు నూట నలభై ఏళ్ళు తిరిగేసరికి ఇదే నేల మీద మైసూరుతో చావోరేవో తేల్చుకుంటున్నారన్నమాట.

చిత్తూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. నరసింగరాయనిపేట అనగానే డ్రైవర్ "హైదర్ అలీ చచ్చిపోయిన ఊరే కదనా?" అన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ తాత చెప్పాడట. దారి పొడుగునా చెరుకు తోటలు, మామిడి తోపులు. ఒకచోట బెల్లం వండుతున్న పొగ రోడ్డు మీదికి వస్తోంది. ఆటో ఆపించి కాసేపు నిలబడ్డాను. వేడి బెల్లం ఆకులో పెట్టిచ్చారు, డబ్బులిస్తే వద్దన్నారు.

ఊరి బయట, పొలాల మధ్య కూర్చుని ఆ కథంతా ఒకసారి మనసులో నెమరేసుకున్నాను.

1769లో హైదర్ అలీ సైన్యం మద్రాసు గుమ్మం దాకా వచ్చేసింది. కంపెనీ దిగివచ్చి సంధి చేసుకుంది. ఒకరి నుంచి ఒకరు గెలుచుకున్నది తిరిగి ఇచ్చెయ్యాలి, ఎవరి మీదికి శత్రువు వచ్చినా రెండోవాళ్ళు సాయం రావాలి. ఆ మరుసటి ఏడాది నుంచే మరాఠాలు మైసూరు మీద విరుచుకుపడ్డారు. హైదర్ సాయం అడిగాడు, కంపెనీ కదల్లేదు. ఆ దెబ్బ అతను మర్చిపోలేదు. 1779లో తన రక్షణలో ఉన్న ఫ్రెంచి రేవు మాహేను కంపెనీ పట్టుకోవడంతో ఉన్న కాస్త మర్యాద కూడా పోయింది. 1780 జూలైలో కనుమలు దిగి ఆర్కాటు నవాబు ఏలే కర్ణాటక సీమ మీద పడ్డాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కంపెనీ సేనాని బెయిలీ దళాన్ని తుడిచిపెట్టాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. హైదర్‌ని వీరుడిగా తలుచుకోవడం మనకు అలవాటు. శత్రువుకి గింజ దొరక్కూడదని మద్రాసు చుట్టూ, వేలూరు చుట్టూ ఊళ్ళు తగలబెట్టించింది కూడా అతనే. మాట తప్పింది మద్రాసులోని దొరలు, కాలింది రైతుల గడ్డివాములు. ఇది తలుచుకుంటే నాకు ఈనాటికీ కోపం వస్తుంది.

అతని వీపు మీద రాచపుండు లేచింది. 1782 డిసెంబరు 7న దండు విడిదిలోనే చనిపోయాడు. కొడుకు టిప్పు అప్పుడు మలబారు వైపు యుద్ధంలో ఉన్నాడు. అతను వచ్చి సైన్యాన్ని చేతిలోకి తీసుకునేదాకా చావు సంగతి మంత్రులు పొక్కనివ్వలేదు. శవాన్ని ముందు కోలారుకీ, తర్వాత శ్రీరంగపట్నానికీ చేర్చారు.

నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం ఆ తర్వాతి మంగళూరు ముచ్చట. 1783లో ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్న మంగళూరు కోటను టిప్పు ముట్టడించాడు. ఐరోపాలో ఇంగ్లండు, ఫ్రాన్సు రాజీపడ్డాయన్న కబురు రావడంతో టిప్పు పక్కనున్న ఫ్రెంచి సైనికులు తప్పుకున్నారు. ఆగస్టు 2న కాల్పుల విరమణ కుదిరింది. కోటలో ఉన్నవాళ్ళకి తిండిసరుకులు అందనివ్వాలని షరతు. సరుకులు సరిగా రానివ్వడం లేదని కోటలోని ఇంగ్లీషువాళ్ళ గోల. అటు చూస్తే, విరమణ నడుస్తుండగానే నవంబరులో కంపెనీ సేన టిప్పు చేతిలోని పాలక్కాడు కోటను పట్టుకుంది. ఆయనకి మాత్రం నమ్మకం ఎలా కుదురుతుంది? ఆకలికీ రోగాలకీ జనం రాలిపోగా 1784 జనవరి 30న మంగళూరు కోట లొంగిపోయింది. మార్చి 11న సంధి. కాగితం మీద అన్నీ ఉన్నాయి, ఖైదీల విడుదలతో సహా. ఆరేళ్ళు గడవకుండానే మళ్ళీ యుద్ధం. 1792 నాటికి మాట మీద ఎంత నమ్మకం పోయిందంటే, టిప్పు ఇద్దరు కొడుకులను, పసివాళ్ళను, కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ తన దగ్గర తాకట్టుగా ఉంచుకున్నాడు.

విరమణను నిలబెట్టేది సంతకం కాదనీ, షరతుల్లో రాసుకున్న బియ్యం ఆ పూట కోట లోపలికి వెళ్ళిందా లేదా అన్నదేననీ నాకు అక్కడ కూర్చున్నప్పుడే గట్టిగా అనిపించింది.

తిరుగు బస్సులో పక్క సీటాయన సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. జమ్మూ కాశ్మీరులో పాకిస్థాన్ సరిహద్దు దగ్గరి పూంఛ్, రాజౌరీ వైపు చాలా కాలం ఉన్నారు. నేను ఎక్కడి నుంచి వస్తున్నానో చెబితే ఆసక్తిగా విని, "మా కాడ కూడా అంతే సార్. 2003లో సీజ్‌ఫైర్ అన్యారు. కొన్నేండ్లు బాగానే ఉన్నింది. మళ్ళీ చెడిపాయ. 2021 ఫిబ్రవరిలో మళ్ళా ఒప్పుకున్యారు" అన్నారు.

ఇరువైపుల డీజీఎంఓలు, అంటే సైనిక కార్యకలాపాలు చూసే పెద్ద అధికారులు, హాట్‌లైన్‌లో మాట్లాడుకుంటారు కదా, అది పనికొస్తుందా అని అడిగాను.

"వస్తాది సార్. రాత్రి ఒక గుండు పేలిందనుకో, అది ఆర్డర్ మీద కాల్చిందా, ఎవుడో భయపడి కాల్చిందా అని పొద్దున్నే అడిగే దావ ఉండాలి గదా. అడక్కపోతే మా సుబేదారు తిరిగి కాల్చమంటాడు. మేం కాలుస్తాం. అట్ల మొదలవుతాది."

సీజ్‌ఫైర్ నిలిచిందని మీకెలా తెలిసేదన్నాను. కంచె పక్కన పొలాల్లోకి ఆడవాళ్ళు, పిల్లలు కూడా వచ్చి పని చేసుకుంటుంటే తెలిసేదన్నారు. మగవాళ్ళు ఒక్కరే వచ్చి గబగబా పని ముగించుకుని పోతే ఇంకా నమ్మకం కుదరలేదని లెక్కట. అక్కడి ఊళ్ళలో గుండ్లు పడితే దాక్కోవడానికి ప్రభుత్వం బంకర్లు కట్టించింది. ఆయన అక్క కొడుకు ఇప్పుడు అటువైపే డ్యూటీలో ఉన్నాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి యుద్ధం గురించి ఏమీ అడగరట. ఊళ్ళోవాళ్ళు రాత్రిళ్ళు ఇళ్ళలో పడుకుంటున్నారా, బంకర్లలోనా అన్నదొక్కటే అడుగుతారట.

"మొన్న ఆదివారం ఏమన్నాడు?"

"ఇండ్లలోనే పండుకుంటా ఉండారంట సార్. ఒకరిద్దరు ముసిలోళ్ళు మాత్రం ఇంకా బంకర్లో నుంచి పరుపులు తియ్యలేదంట."