షోకేసులో అరితా పళ్లెం, దాని వెనక ఉన్న పని

వైట్‌ఫీల్డ్‌లో మా బావ వాళ్ల ఫ్లాట్‌లో టీవీ పక్కన ఇప్పుడో జపాన్ పింగాణీ పళ్లెం నిలబడి ఉంది. ఆఫీసు పని మీద వెళ్లి అరితాలో కొన్నాడు. ధర వినగానే అత్తయ్య, "ఆ డబ్బుకి వెండి కంచం వచ్చేది కదరా" అన్నారు. లెక్క ప్రకారం ఆవిడ మాట నిజమే, కానీ నా ఓటు పళ్లానికే.

అరితా క్యూషూ దీవిలో, సాగా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) చిన్న ఊరు. 17వ శతాబ్దం మొదట్లో పక్కనే ఇజుమియామా కొండలో పింగాణీ రాయి దొరికింది. 1616లో కొరియా కుమ్మరి ఒకాయన మొదలుపెట్టాడని ఊరివాళ్ల లెక్క, 2016లో 400 ఏళ్ల పండగ కూడా చేసుకున్నారు. చరిత్ర సరే, నన్ను పట్టేసింది రంగు వేసే పద్ధతి.

పళ్లేన్ని ముందు 900 డిగ్రీల దగ్గర ఒకసారి కాలుస్తారు. అప్పుడది నీళ్లు పీల్చే సుద్దలా ఉంటుంది, కుంచె ఒక్క క్షణం ఆగితే అక్కడ మచ్చే. దాని మీద కోబాల్టు రంగుతో గీస్తారు, అది గీసేటప్పుడు నీలంగా ఉండదు, బూడిద నలుపు. పైన గ్లేజు (కాలాక గాజులా మెరిసే పూత) పోస్తే బొమ్మ మొత్తం తెల్లగా కప్పబడిపోతుంది, 1300 డిగ్రీల్లో కాలి బయటికొచ్చాకే నీలం కనపడేది. మన శ్రీకాళహస్తి కలంకారీలో పటిక రాసిన చోట ఎరుపు తర్వాతెప్పుడో ఉడకబెట్టాక తేలుతుంది చూడండి, ఆ వరస. ఎరుపు, పచ్చ, బంగారం లాంటివి గ్లేజు మీద వేసి మళ్లీ 800 డిగ్రీల దగ్గర కాల్చాలి, అంటే ఇంత చాకిరీ అయ్యాక కూడా పగిలే ఛాన్స్ ఇంకోసారి!

పెద్ద వర్క్‌షాపుల్లో గీత గీసేవాళ్లు వేరు, లోపల రంగు నింపేవాళ్లు వేరు. ఈ నింపే పనిని దమి అంటారు. లావుపాటి కుంచె నిండా పల్చటి రంగు తీసుకుని, పళ్లేన్ని ఏటవాలుగా పట్టుకుని, కుంచెని వేళ్లతో నొక్కుతూ ఆ నీటిని గీతల మధ్య నడిపిస్తారు. గీత కంటే ఇదే కష్టమని నాకనిపిస్తుంది.

ఇప్పటివాళ్లలో నాకు బాగా నచ్చింది 14వ ఇమాయిజుమి ఇమాయెమోన్ (అరితాలో తరతరాలుగా అదే పేరు పెట్టుకునే కుటుంబంలో 14వ ఆయన). 2014లో ఆయనకి లివింగ్ నేషనల్ ట్రెజర్ (గొప్ప కళాకారులకి జపాన్ ప్రభుత్వమిచ్చేది) గుర్తింపు వచ్చింది. ఆయన వాడే పద్ధతిలో ముందు సిరాతో గీసి, దాని మీద రంగు పూస్తే, సిరా ఉన్నచోట రంగు అంటదు. బట్టీలో సిరా కాలిపోయి తెల్ల గీత మిగులుతుంది. మంచు రేకులు అలాగే తేలుస్తారు. కుతానీ అనే ఇంకో జపాన్ పింగాణీ సంప్రదాయంలో మూడో తొకుదా యాసొకిచి (2009లో పోయారు) అసలు బొమ్మే మానేసి ఉత్త రంగుల జారుడుతోనే పేరు తెచ్చుకున్నారు. అరితాలోనే తరతరాల పింగాణీ కుటుంబమైన కాకియెమోన్ వాళ్ల పాలతెలుపు తయారీ మధ్యలో మర్చిపోయి, 1953లో 12, 13వ తరాలవాళ్లు మళ్లీ సాధించారు. సగం పళ్లెం ఖాళీగా వదిలేసే వాళ్ల ధైర్యం నాకిష్టం, అంచు నుంచి అంచుకి బంగారం దట్టించినవి చూస్తే మాత్రం కల్యాణమండపం స్టేజీలో నిలబడ్డట్టుంటుంది.

కొనేటప్పుడు ఒకే డిజైను పళ్లేలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. పువ్వులు అచ్చంగా ఒకటే ఉంటే, దగ్గరగా చూస్తే సన్నటి చుక్కలు కనిపిస్తే అది చేత్తో గీసింది కాదు, అచ్చు వేసింది. రోజూ అన్నం తినడానికి అచ్చువే నయం. బంగారం ఉన్నది మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టొద్దు.

అరితాలో ఏటా ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా పింగాణీ సంత ఉంటుంది. జపాన్ వాళ్ల సెలవుల వారం కూడా అదే, కాబట్టి వెళ్లేవాళ్లు రూములు ముందే బుక్ చేసుకోండి.