జీసీసీ ఉంది, అయినా కంపైలర్ పని చేయదట!

"సీ కంపైలర్‌తో ఎగ్జిక్యూటబుల్ తయారుకావట్లేదు" అని, ప్రోగ్రామ్ బిల్డ్ చేసే ముందు సిస్టమ్‌ని పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్ట్ ఆగిపోయింది. సీ కంపైలర్ జీసీసీని వెర్షన్ అడిగితే మాత్రం టకీమని చెబుతోంది.

ఆ ఒక్క లైను చూసి జీసీసీని పీకేసి మళ్లీ ఎక్కించడం దండగ. అసలు గుట్టు అదే ఫోల్డర్‌లోని కాన్ఫిగ్.లాగ్‌లో ఉంటుంది. చివరికి వెళ్లకండి, అక్కడంతా వేరియబుల్స్ చిట్టా. ఎర్రర్ అన్న మాట వెతికి, దాని పైనున్న నాలుగైదు లైన్లు చదవాలి. ఇవాళ అక్కడ దొరికింది: కంపైలైన ముక్కల్ని కలిపి ప్రోగ్రామ్‌గా చేసే లింకర్‌కి, సీ లైబ్రరీతో వచ్చే సీఆర్‌టీ1.ఓ అనే స్టార్టప్ ఫైలు కనబడట్లేదు. అంటే కంపైలర్ శుభ్రంగా ఉంది, సీ లైబ్రరీ డెవలప్‌మెంట్ ఫైళ్లే లేవు. డెబియన్, ఉబుంటుల్లో బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీ వేస్తే ఆ ఫైళ్లుండే లిబ్‌సీ6-డెవ్ కూడా వచ్చేస్తుంది.

ఎప్పుడో ఎల్‌డీఫ్లాగ్స్‌లో (లింకర్‌కి ఆప్షన్లు ఇచ్చే వేరియబుల్) పెట్టి మర్చిపోయిన తప్పుడు ఆప్షన్‌కి కూడా ఇదే మెసేజ్ వస్తుంది. ముందు అది ఖాళీ చేసి చూడండి.

కాన్ఫిగర్ స్క్రిప్ట్ లాంటి పనే చేసే సీమేక్ అనే టూల్‌ది ఇంకో పేచీ. మొదటిసారి దొరికిన కంపైలర్‌ని క్యాష్‌లో రాసిపెట్టుకుంటుంది. తర్వాత ఏ కంపైలర్ వాడాలో చెప్పే సీసీ వేరియబుల్ ఎన్నిసార్లు మార్చినా వినదు, మొండిఘటం. బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. వెర్షన్ 3.24 నుంచైతే --ఫ్రెష్ అని ఇస్తే చాలు.