పుస్తెలతాడు తెంపుకుపోయిన తరువాత

మా పిన్ని తెల్లవారుజామున హైదరాబాదులోని తమ ఇంటి వాకిట్లో ముగ్గు వేస్తుండగా, బైకు మీద వచ్చిన ఇద్దరిలో వెనుక కూర్చున్నవాడు ఆమె మెడలోని పుస్తెలతాడును లాగాడు. అది ఒక్క లాగుకు తెగలేదు. ఆమె బోర్లా పడిపోయింది. మెడ చుట్టూ చర్మం కోసుకుపోయింది.

ఇలాంటి వార్త పత్రికల్లో తులాల లెక్కతో ముగుస్తుంది. మెడ బోసిగా ఉండకూడదని ఆ పూటే పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకున్న పిన్ని, తరువాత బంగారం వేసుకోవడానికి ఒప్పుకోలేదు. వీధిలో బైకు చప్పుడు వినబడితే ఆమె చేయి దానంతటదే మెడ మీదికి వెళ్లేది. నడివేసవిలో కూడా కొంగు భుజాల నిండా కప్పుకునే గడప దాటేది. పరామర్శకు వచ్చినవారు "నగతో బయటికి ఎందుకు వచ్చావమ్మా" అని అడగడం ఆమెను గాయం కంటే ఎక్కువ బాధించింది. తన వాకిలి కూడా బయటేనా?

పాత శిక్షాస్మృతిలో గొలుసు లాక్కుపోవడం విడిగా నేరం కాదు. దొంగతనంగానో దోపిడీగానో నమోదు చేసేవారు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్ దానిని ప్రత్యేక నేరం చేసి, మూడేళ్ల వరకు జైలు, జరిమానా నిర్దేశించింది. అయితే దొంగతనం కోసం కావాలని గాయపరిస్తే అది 309వ సెక్షన్ కింద దోపిడీ అవుతుంది, శిక్ష ఎన్నో రెట్లు పెరుగుతుంది. కనుక బాధితులు గాయాన్ని వైద్యుడి చేత నమోదు చేయించుకుని, ఫిర్యాదులో దానిని వివరంగా రాయించి, ఎఫ్‌ఐఆర్ నకలును ఉచితంగా అడిగి తీసుకోవాలని గట్టిగా కోరుతున్నాను.